పెద్ద కుండ జావ

కుమాసి పట్నంలో పెండలాల మార్కెట్టు పక్కన ఒపోకు మందుల కొట్టు. సాయంత్రం. సరుకు కొనడానికి వచ్చినది జావలమ్మే లామిసి.

"ఇది మందు కాదు ఒపోకూ, నొప్పుల పొడి. మందు వేరు, పొడి వేరు. నాకు చెప్పకు."

"మందు కాకపోతే నా కొట్లో ఎందుకుంది లామిసీ? సబ్బుల పక్కన పెట్టుకోవాలా?"

"సబ్బుల పక్కనే ఉంది, చూడు."

"అబ్బ, నోరు కాదది! సరే, ఆ ఆసుపత్రి కాగితం ఇటివ్వు. పైనుంచి మళ్ళీ చదువుతా, చెవులు పెట్టి విను. పేరు వుంపిని. వయసు ముప్ఫై తొమ్మిది. పని, మార్కెట్లో తలబరువులు మొయ్యడం. గర్భసంచి జారింది. ఆపరేషన్ రేపు పొద్దున. నంబరు తొమ్మిది."

"అదంతా నాకు తెలుసు. పద్దెనిమిదేళ్ళుగా తెలుసు దాన్ని. ఏమేం పట్టుకెళ్ళాలో అది చదువు, అది చాలు."

"చదివానుగా. బకెట్టు ఒకటి. గుడ్డలు రెండు. సబ్బు, దూది. తర్వాత నొప్పికి పారాసిటమాల్ బిళ్ళలు. అన్నీ సంచీలో పడేశాను. ఇదిగో, తెల్లవి, ఇవే. ఆరు గంటలకోసారి రెండేసి వెయ్యి. రోజుకి ఎనిమిది దాటకూడదు, దాటితే కాలేయం పోతుంది. జలుబుకని ఎవడైనా వేరే బిళ్ళ ఇస్తే అందులోనూ ఇదే ఉండొచ్చు, రెండూ కలిపి మింగించకు. అర్థమైందా?"

"అయింది. ఇంక నా ఎర్ర పొట్లాలు కట్టు. ఇరవై. రేపు పొద్దెక్కకముందే కుండ ఎక్కించాలి."

"ఆగు తల్లీ. కాగితం అయిపోలేదు. కింద గీత గీసి మరీ రాశారు. ఆపరేషన్‌కి వారం ముందునుంచి వాడకూడనివి. మొదటి పేరు ఆస్పిరిన్. నువ్వు కట్టమంటున్న ఈ పొడిలో ఉన్నది అదే. ఆ తర్వాత ఆ నీలం బిళ్ళ, ఆ తర్వాత ఆ పసుప్పచ్చది. అన్నీ నొప్పులవే, అన్నీ వద్దన్నారు. తెల్లది ఒక్కటే ఉంచారు."

"నొప్పికి నొప్పి మందే కదా. ఒకటి మంచిదీ ఒకటి చెడ్డదీ ఏంటి?"

"నొప్పి తగ్గించడంలో అన్నీ ఒకటే. రక్తం దగ్గర తేడా. ఇది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. చెయ్యి తెగితే కాసేపటికి నెత్తురు దానంతటదే ఆగుతుంది కదా? ఇది వేసుకున్న మనిషికి ఆగదు. కత్తి పెట్టినచోట కుళాయి విప్పినట్టే."

"ఒక్క పొట్లానికే?"

"ఒక్క పొట్లం చాలు. ఒంట్లో వారం, పది రోజులు దాని పని అదే చేస్తుంది. అందుకే వారం ముందునుంచి అన్నారు. ఏంటలా అయిపోయావ్? నీ స్నేహితురాలు పొడి వేసుకుందా?"

"లేదు! అదెందుకు వేసుకుంటుంది? వద్దన్నారని ఇంట్లో ఉన్న పొట్లాలన్నీ మురిక్కాలవలో పారేసింది. నేను చూశాను."

"మరింకేం?"

"ఏం లేదు. ఊరికే. ఇంకొకావిడ ఉంది. దానికీ ఏదో ఆపరేషనంట. దానికి తెలీకుండా, అంటే, అది వేసుకోలేదు, కానీ ఎవరో దాని తిండిలో..."

"తిండిలో?"

"తిండిలోనో, తాగేదాంట్లోనో. కలిపారనుకో. కలిపినవాళ్ళకీ తెలీదు పాపం. మందు కాదనుకున్నారు."

"లామిసీ."

"ఊఁ."

"రోజూ ఈ ఇరవై పొట్లాలు ఏం చేస్తున్నావు నువ్వు?"

"నీకు తెలీనట్టు అడుగుతావేం?"

"విడిగా ఒక్కోటి అమ్ముకుంటున్నావనుకున్నా."

"అబద్ధం. ఈ కొట్టు ముందు నిలబడి నువ్వే నవ్వావు. నీ జావ తాగినోడు పెండలాల బస్తాతో పరిగెడతాడే అన్నావు. పెద్ద కుండలో కలుపుతానని నీకు తెలుసు. మార్కెట్టు మొత్తానికి తెలుసు."

"సరే, తెలుసనుకో. అందరూ చేసేదేగా అని ఊరుకున్నా."

"అందరూ చేసేదే. నేను కలపకపోతే అవతలి వీధిలో జావలమ్మేది కలుపుతుంది, బరువులు మోసేవాళ్ళంతా దాని దగ్గరికి పోతారు. నడుం నొప్పి తగ్గకపోతే పొద్దున్నే తట్ట ఎవరెత్తుతారు? తట్ట ఎత్తకపోతే పిల్లలకేం పెడతారు? చుట్టకుదురు నెత్తిన పెట్టుకునే ముందు ఒక గిన్నె కావాలి వాళ్ళకి, చేదుగా, ఘాటుగా. ఉత్త జావ పోస్తే నా మొహాన కొట్టి పోతారు."

"వుంపినికి కూడా పెద్ద కుండలోదే పోశావా?"

"మొదట రెండ్రోజులు లేదు. ఒట్టు. చిన్న గిన్నెలో విడిగా కాచాను. ఉత్తది పొయ్యక్కా అంది, అలాగే పోశాను. మూడో రోజు... నువ్వు చూడలేదు దాన్ని. గోడకి తల కొట్టుకుంటోంది. తెల్లబిళ్ళ వేసుకుంటే ఏమీ తగ్గలేదంది. కడుపులోది మొత్తం కిందికి జారి లాగుతోందే అక్కా అని ఏడ్చింది. మందులేగా వద్దన్నది, పొడి మందు కాదుగా అనుకున్నాను. పెద్ద కుండలోది ముంచి ఇచ్చాను. తాగింది. మధ్యాహ్నానికి నిద్రపోయింది. అప్పుడు నాకెంత సంతోషమేసిందో తెలుసా? దాని మొహం చూసి ఏడ్చాను."

"ఎన్ని రోజులు పోశావు?"

"ఇవాళ పొద్దునదాకా."

"దేవుడా."

"ఏం చెయ్యాలి? విరుగుడు ఇవ్వు. ఏదన్నా ఉందా?"

"దీనికి విరుగుడు లేదు. వెళ్ళి డాక్టరుకి చెప్పడమొక్కటే."

"చెబితే?"

"ఆపుతారు."

"ఆపితే మళ్ళీ ఎప్పుడు?"

"ఈ ఆపరేషన్లు చేసే డాక్టర్లు బయటినుంచి ఏడాదికోసారి వస్తారు. నీకు నాకంటే బాగా తెలుసు. మరి ఈ పొట్లాలు?"

"అక్కడే పడెయ్."

*

తెల్లారుతోంది. ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు, తొమ్మిదో మంచం. వుంపిని పడుకుని ఉంది, లామిసి పక్కనే నిలబడింది.

"జావ తేలేదా అక్కా? మంచిపని చేశావ్. తెచ్చినా తాగనివ్వరు. కడుపు ఖాళీగా ఉండాలంట. పద్దెనిమిదేళ్ళలో నీ చేతి జావ లేకుండా తెల్లారింది ఇవాళే."

"నిద్రపోయావా?"

"ఏం నిద్ర! అవతల మంచం మీద ముసలమ్మ రాత్రంతా పేర్లు జపించింది. చచ్చిపోయిన మొగుళ్ళ పేర్లంట. ముగ్గురు! నాకు ఒక్కడికే ప్రాణం పోతోంది, దానికి ముగ్గురు."

"నవ్వకు. కదలకు."

"ఇదిగో చూడు, చేతికి కట్టారు. తొమ్మిది. పోయినేడు నా ముందు ఇద్దరుండగా గేటు వేసేశారు గుర్తుందా? రెండు రోజులు ఆ గేటు దగ్గరే పడుకున్నాం. అప్పుడు నువ్వే గేటు వాడితో కొట్లాడావు. వాడి టోపీ లాగి కాలవలో వేశావు."

"గుర్తుంది."

"ఈసారి లోపలున్నాను. మంచం మీద. నా కింద దుప్పటి ఉంది అక్కా, ఇస్త్రీది. ఏంటలా చూస్తున్నావ్? కూచో."

"వుంపినీ, ఇంటికెళ్ళిపోదాం."

"ఏంటి?"

"లే. ఇంటికెళ్ళిపోదాం."

"పిచ్చి పట్టిందా?"

"కల వచ్చింది నాకు. మంచిది కాదు."

"నీకెప్పుడూ కలలే. పోయిన వర్షాల్లో మార్కెట్టు కాలిపోతుందని కల వచ్చింది. కాలిందా?"

"ఈ డాక్టరు మరీ కుర్రాడిలా ఉన్నాడు. మీసం కూడా రాలేదు."

"మీసంతో కోస్తాడా?"

"మీ చెల్లెలు రాలేదు. పక్కన సొంతవాళ్ళు లేకుండా ఎలా?"

"నువ్వెవరివి మరి? నా సొంతవాళ్ళు ఎవరొచ్చారెప్పుడైనా? మా ఆయన సంగతి చూశావుగా. నా దగ్గర వాసనొస్తోందని పళ్ళెం వేరు పెట్టాడు, తర్వాత చాప వేరు పెట్టాడు, తర్వాత తనే వేరయ్యాడు. మా అత్త అయితే నేను వస్తుంటే గోనె పట్టా తెచ్చి బయట పరిచేది. లోపల కూచోకు, ఇక్కడ కూచో అనేది. నాకూ మూత్రం కారి మాటిమాటికీ తడే కదా, కూచునేదాన్ని. నువ్వొక్కదానివే నా పక్కన బల్ల మీద చోటిచ్చావు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ ముక్కు మూసుకోలేదు నువ్వు."

"అవన్నీ ఇప్పుడెందుకు?"

"సొంతవాళ్ళు లేరన్నావుగా, అందుకు."

"వచ్చే ఏడు చేయించుకుందాం. నేనే దగ్గరుండి తీసుకొస్తా. ఈసారి మొదటి నంబరు పట్టిస్తా. నెల ముందొచ్చి గేటు దగ్గర పడుకుంటా నేను."

"వచ్చే ఏడా? అక్కా, నేను నిలబడితే అది కిందికొస్తుంది. బయటికి. చేత్తో లోపలికి తోసుకుని, గుడ్డ బిగించి కట్టుకుని, నెత్తి మీద నలభై పెండలాలు ఎత్తుకుంటాను. ఎత్తగానే మళ్ళీ జారుతుంది. దారిలో ఆగి తోసుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఇంకో ఏడాది అది చెయ్యమంటున్నావా?"

"చెయ్యొద్దు. బరువు ఎత్తొద్దు. నేను తిండి పెడతాను."

"ఎంత కాలం? నీకు ముగ్గురు పిల్లలు. నాకు ఇద్దరు."

"పెడతానన్నానుగా!"

"మెల్లగా. అందరూ చూస్తున్నారు. ఏమైంది నీకు? బాగైపోయాక నేనేం చేస్తానో చెప్పనా? తట్ట మోయను. నీ బల్ల పక్కన ఉల్లిపాయలు పోసుకుని కూచుంటాను. కూచుని అమ్ముతాను, తెలుసా? కూచుని. కింద గుడ్డ లేకుండా. పండగ నమాజుకి ఆడవాళ్ళ వరసలో నేల మీద కూచుంటా. ఆరేళ్ళయింది నేను వరసలో కూచుని."

"వుంపినీ, పొడి గురించి నర్సు నీకేం చెప్పింది?"

"మందులొద్దంది. నేనేం వేసుకోలేదు. పొట్లాలు పారేశాను, నువ్వు చూశావు."

"చూశాను."

"మరింకేంటి? నువ్వు ఉత్త జావే కదా పోశావు."

"లేదు."

"ఉత్తదే పోశావు."

"లేదే పిల్లా. మూడో రోజు నుంచి పెద్ద కుండలోది పోశాను. నాకు తెలీదు. నిన్న సాయంత్రం ఒపోకు కాగితం చదివి చెప్పాడు. అది రక్తం ఆగనివ్వదంట. కోసినచోటు కుళాయిలా కారిపోతుందంట. నన్ను కొట్టు. తిట్టు. కానీ లే, ఇక్కణ్ణించి లే."

"మెల్లగా అన్నానా!"

"నీకు కోపం రాలేదా?"

"నర్సమ్మ ఆ చివర ఉంది. చెవులు పెద్దవి దానికి."

"వుంపినీ, నా మొహం చూడు. నీకు కోపం ఎందుకు రాలేదు? ముందే తెలుసా నీకు?"

"పద్దెనిమిదేళ్ళుగా నీ జావ తాగుతున్నా. అల్లమూ మిరియాలూ ఎన్ని దంచి వేస్తే మాత్రం, ఆ చేదు నా నాలుకకి తెలీదా?"

"తెలిసే తాగావా?"

"మొదటి గుక్కలోనే తెలిసింది."

"మరి నర్సు..."

"నర్సు పొట్లం చేత్తో పట్టుకుని మరీ చూపించింది. ఇదిగో, ఈ ఎర్రదే, ఇది ముట్టుకుంటే చచ్చిపోతావు అంది. నీలంది వద్దు, పసుప్పచ్చది వద్దు, తెల్లది వేసుకో అంది. బుర్ర ఊపాను. రెండు రోజులు తెల్లదే వేసుకున్నాను. మామూలు మనిషికి సరిపోతుందేమో తెల్లది. ఇరవై ఏళ్ళుగా రోజూ పొడి తాగి బరువులెత్తిన ఒళ్ళక్కా ఇది. పొడి ఆపేసరికి నొప్పులన్నీ ఒక్కసారే లేచి కూచున్నాయి. నడుం, మెడ, మోకాళ్ళు, కింద లాగడం. ఎప్పుడెప్పటివో. రెండో రాత్రి గుడ్డ నోట్లో కుక్కుకున్నాను, పిల్లలు లేవకుండా. మూడో రోజు నువ్వు గిన్నె ఇచ్చావు. ఒక గుక్క తాగి, తెలిసి, కింద పెట్టేయాలనుకున్నాను."

"పెట్టేయాల్సింది."

"గిన్నె నాకాను."

"నాకెందుకు చెప్పలేదే!"

"చెబితే ఆపేస్తావు. ఆపేస్తే నొప్పి. నర్సుకి చెబితే నంబరు పోతుంది. ఎవరికీ చెప్పకపోతే రెండూ దక్కుతాయి."

"ప్రాణం?"

"అది దేవుడి దగ్గరుంది. ఇప్పుడు మాత్రం ఏం దక్కింది? ఇదీ ఒక ప్రాణమేనా?"

"నీ పిల్లలు?"

"పిల్లల పేరెత్తకు."

"ఎత్తుతా. జునైదుకి తొమ్మిదేళ్ళు. చిన్నదానికి ఆరు. ఇందాక నా బల్ల దగ్గర కూచోబెట్టి వచ్చాను. అమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

"వస్తుందని చెప్పు. నిటారుగా నడిచి వస్తుందని చెప్పు."

"రాకపోతే?"

"అందరికీ అలా అవ్వదు. ఒపోకు భయపెడతాడు. ఇరవై పొట్లాలు అమ్మేదీ వాడే, తాగితే చస్తారని చెప్పేదీ వాడే. వాడికి రెండు నోళ్ళున్నాయి. నేను మొన్న వేలు కోసుకున్నాను, ఆగిపోయింది."

"వేలూ కడుపూ ఒకటేనా?"

"అక్కా, నా చెయ్యి పట్టుకో. ఇలా. విను. నువ్వు నోరు తెరిస్తే నా ఒక్కదానికే కాదు. ఎవరిచ్చారు, ఎక్కడ కలిపారు అని అడుగుతారు. మునిసిపాలిటీ వాళ్ళొచ్చి నీ కుండ పగలగొడతారు. జైలంటారు."

"పగలగొట్టనీ."

"నీ పిల్లలో?"

"పిల్లల పేరెత్తకన్నావుగా నువ్వే!"

"సరే, ఎత్తను. నీకు దణ్ణం పెడతా. ఈ ఒక్క పూట నోరు మూసుకో. చస్తే నాదే చావు, నీ మీద వెయ్యను. బతికితే నీ బల్ల పక్కన ఉల్లిపాయలమ్ముకుంటాను. నువ్వు చెప్పావో, నాకు అక్క లేదు. ఇక అంతే. నర్సమ్మ వస్తోంది. మొహం తుడుచుకో."

"తొమ్మిదో నంబరు. వుంపిని నువ్వేనా?"

"నేనే నర్సమ్మా."

"రాత్రి పది తర్వాత ఏమన్నా తిన్నావా? నీళ్ళు తాగావా?"

"లేదు."

"ఈ వారంలో నొప్పులకి ఏమన్నా వేసుకున్నావా? నేను చూపించిన ఎర్ర పొట్లం?"

"లేదు నర్సమ్మా. తెల్లబిళ్ళలే."

"నిజంగా? నిన్న నాలుగో నంబరావిడ కూడా లేదంది. రక్తం ఆగలేదు. ఉన్న నాలుగు రక్తం సంచుల్లో రెండు ఆమెకే ఎక్కించాం. ఎందుకలా అయిందో డాక్టరుగారికీ అర్థం కాలేదు. అదిగో, ఆ తెర వెనక ఉంది. ఇంకా కళ్ళు తెరవలేదు."

"నేనేం వేసుకోలేదు."

"మంచిది. ఈమె ఎవరు?"

"మా అక్క."

"అక్కగారూ, మీరు బయట కూచోండి. ఇంక తీసుకెళ్తాం. అమ్మా, వినపడిందా? బయటికి."

"నర్సమ్మా."

"అక్కా, వద్దు."

"నర్సమ్మా, అది పొడి తాగింది."

"అక్కా!"

"ఐదు రోజులు తాగింది. నిన్న పొద్దున కూడా. జావలో. నేనే కలిపి పోశాను. దానికి తెలీదు. దాని తప్పు లేదు, నాదే తప్పు. నన్ను ఏం చెయ్యాలంటే అది చెయ్యండి, దాన్ని మాత్రం కొయ్యకండి."

"ఏ పొడి? ఎర్ర పొట్లమా?"

"అదే."

"నీకు బుద్ధుందా! ఎందుకు పోశావు?"

"ఏడుస్తుంటే చూడలేకపోయాను."

"అందరూ అదే మాట. ఉండండి ఇక్కడే. డాక్టరుగారిని అడిగొస్తాను. కదలొద్దు."

"వుంపినీ, నన్ను తిట్టు. ఏదన్నా అను."

"దానికి తెలీదని ఎందుకన్నావ్?"

"అంటే ఏం? నీ మీద కేకలెయ్యకుండా."

"నాకు అక్క లేదు."

"సరే."

"నా చెయ్యి వదులు."

"వదిలాను."

"కూచోనివ్వలేదు నన్ను. ఒక్క ఏడాది కాదు, ఇంక కూచోను. వచ్చే ఏడు గేటు దగ్గరికి నడిచి రాలేను నేను. నీకు తెలుసది. తెలిసీ చెప్పావు."

"మోసుకొస్తా. నెత్తి మీద ఎత్తుకొస్తా. బస్తాలెత్తేవాళ్ళ మధ్య బతికినదాన్ని, మనిషిని ఎత్తలేనా?"

"పో."

"పోను."

"మీరిద్దరూ ఆ గొడవ ఆపండి. డాక్టరుగారు వద్దన్నారు. మిగిలినవి రెండే సంచులు, ఇంకా ఆరుగురున్నారు. మామూలుగా అయితే వారం ఆగి చేసేవారట, కానీ రేపటితో వాళ్ళు వెళ్ళిపోతున్నారు. చెయ్యి ఇటు పెట్టమ్మా, నంబరు కత్తిరించాలి."

"నేనే విప్పుకుంటాను."

"ముడి రాదు. కత్తెర ఉంది. ఇలా పెట్టు. ఏడవకు. ఏడిస్తే ఇంకా లాగుతుంది కింద. చూడు, పొడి మాత్రం ఇంక ముట్టుకోకు. నొప్పికి తెల్లబిళ్ళే. లోపలికి పెట్టుకునే రబ్బరు ఉంగరం ఒకటుంటుంది, జారకుండా ఆపుతుంది. శుక్రవారం రా, నేను వేయిస్తాను. ఆపరేషన్ కాదు, కానీ కొంత తెరిపి. వస్తావా?"

"వస్తుందమ్మా. నేను తీసుకొస్తాను."

"నువ్వు మాట్లాడకు."

"సరే, మాట్లాడను. లే, మెల్లగా. గుడ్డ బిగించుకో. భుజం మీద చెయ్యి వెయ్యి. నామీద కాకపోతే ఈ బకెట్టు మీద వెయ్యి."

"మంచం తొందరగా ఖాళీ చెయ్యండమ్మా. దుప్పటి మార్చాలి. బయట బెంచీ మీద ఒకావిడ మూడు రోజులుగా కూచునుంది, ఎవరన్నా తప్పుకుంటే తనని పిలవమని. పాపం, ఆమె అదృష్టం. జెనాబూ! జెనాబు ఎవరు? లోపలికి రా."

"ఏ జెనాబు? ఎడమ కన్ను మెల్ల ఉంటుంది, ఆ మనిషేనా?"

"ఆమే. టమాటా బుట్టలు మోస్తుందట. నీకెలా తెలుసు వుంపినీ?"

"ఆమెని అడిగావా? మందులు వేసుకున్నావా అని?"

"అడక్కుండా ఉంటానా! నిన్ననే అడిగాను. పొట్లం చూపించి మరీ అడిగాను. ఏమీ వేసుకోలేదంది. మీ అందరికంటే తెలివైంది. జెనాబూ, రామ్మా, ఈ మంచం నీదే."

"వుంపినీ, పద. ఏంటలా నిలబడ్డావ్? ఇంక మనకెందుకు, పద."

"నర్సమ్మా, దాన్ని పడుకోబెట్టకు. మందు వేసుకున్నావా అని అడక్కు. రోజూ పొద్దున జావ ఎవరి దగ్గర తాగుతున్నావని అడుగు."